నార్మాలిటీ లెక్కకు ముందు అడగాల్సిన ప్రశ్న

ఒక ద్రావణం మొలారిటీ ఎంత అని అడిగితే ఒకే జవాబు ఉంటుంది. లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల (మోల్ అంటే అణువుల సంఖ్యను కొలిచే ప్రమాణం) పదార్థం కరిగి ఉందో చెబితే చాలు. ఆ ద్రావణాన్ని తర్వాత దేనికి వాడినా ఆ అంకె మారదు. నార్మాలిటీ సంగతి అలా కాదు. "దీని నార్మాలిటీ ఎంత?" అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పే ముందు ఎదురు ప్రశ్న ఒకటి వేయాలి: దీన్ని దేనితో చర్య జరిపించబోతున్నారు? ఆ ప్రశ్న వేయకుండానే సూత్రంలో అంకెలు పెట్టేయడం వల్ల ఈ లెక్కల్లో చాలా తప్పులు దొర్లుతాయి. సూత్రం చిన్నదే. గుణకారం, భాగహారం వస్తే ఎవరైనా చేయగలరు. చిక్కంతా అందులో 'తుల్యాంక భారం' అని రాసి ఉన్న ఒక్క చోటే ఉంది.

ముందు ఆ సూత్రం చూద్దాం. లీటరు ద్రావణంలో ఎన్ని గ్రామ్ తుల్యాంకాల ద్రావితం (కరిగిన పదార్థం) ఉందో అదే దాని నార్మాలిటీ. తుల్యాంక భారమంత గ్రాముల పదార్థం ఒక గ్రామ్ తుల్యాంకం.

నార్మాలిటీ = (ద్రావితం బరువు గ్రాముల్లో ÷ తుల్యాంక భారం) × (1000 ÷ ద్రావణం ఘనపరిమాణం మిల్లీలీటర్లలో)

తుల్యాంక భారం = అణుభారం ÷ ఎన్-ఫ్యాక్టర్

ఎన్-ఫ్యాక్టర్ అంటే ఆ చర్యలో ఒక్కో అణువు ఇచ్చే లేదా పుచ్చుకునే వాటి లెక్క. ఆమ్ల క్షార చర్యల్లో ప్రోటాన్లను, ఆక్సీకరణ క్షయకరణ చర్యల్లో ఎలక్ట్రాన్లను లెక్కపెడతాం. అవక్షేపం ఏర్పడే చర్యల్లో అయాన్ మోసే ఆవేశాన్ని చూస్తాం. ఈ రెండు సమీకరణాలను కలిపితే ఇంకా పొట్టి రూపం వస్తుంది:

నార్మాలిటీ = మొలారిటీ × ఎన్-ఫ్యాక్టర్

మోల్ తలలను లెక్కిస్తుంది, తుల్యాంకం చేతులను లెక్కిస్తుంది అనుకోండి. పది మంది ఉన్నారంటే పది తలలు ఖాయం. కానీ ఒక పనికి ఎన్ని చేతులు సాయం పట్టాయన్నది ఆ పనిని బట్టి ఉంటుంది. ఒక పనికి రెండు చేతులూ కావాలి, ఇంకో పనికి ఒక్క చెయ్యి చాలు. మనుషులు మారలేదు, పని మారింది. నార్మాలిటీలోని అస్థిరత అంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

ఇంత తిరకాసు ఉన్న ప్రమాణాన్ని అసలు ఎందుకు పుట్టించారు? చరిత్రలో తుల్యాంకం ముందు వచ్చింది, మోల్ చాలా తర్వాత వచ్చింది. పరమాణు భారాల మీద ఎవరికీ స్పష్టత లేని 1790లలోనే జర్మనీకి చెందిన జెరెమియాస్ రిక్టర్ ఏ ఆమ్లం ఎంత తీసుకుంటే ఏ క్షారం ఎంత తటస్థీకరణం చెందుతుందో తూచి పట్టికలు కట్టాడు. 1814లో ఇంగ్లండ్‌లో విలియం వొలాస్టన్ ఈ తుల్యాంక భారాలను జారుడు స్కేలు మీదికి ఎక్కించాడు. ఆ స్కేలును జరిపితే ఏది ఎంతకు సమానమో కంటికి కనబడేది. అప్పటికి నీటి అణువులో హైడ్రోజన్ ఒకటా రెండా అన్నది కూడా తేలలేదు. పరమాణు భారాల గందరగోళాన్ని పరిష్కరించడానికి రసాయన శాస్త్రవేత్తలు 1860లో కార్ల్స్‌రూ నగరంలో సమావేశం కావాల్సి వచ్చింది. తుల్యాంక భారాలకు ఆ తీర్పుతో పని లేదు. తూకం చాలు. పందొమ్మిదో శతాబ్దం నడుమ ఫ్రీడ్రిష్ మోర్ అంశమాపన (గాఢత తెలిసిన ద్రావణం ఎంత పడుతుందో చూసి తెలియని గాఢతను కొలిచే) పద్ధతులను ఒక క్రమంలో పెట్టి, నార్మల్ ద్రావణాల వాడకాన్ని ప్రయోగశాలల్లో పాదుకొల్పాడు. అణువు లోపల ఏముందో తెలియకపోయినా ఏది ఎంతకు సరిపోతుందో చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

తేలిక లెక్కలు, వాటిలో దాగిన ఉచ్చులు

సోడియం హైడ్రాక్సైడ్‌తో మొదలుపెడదాం. అణుభారం 40. ఒక్క హైడ్రాక్సైడ్ అయాన్ మాత్రమే ఉంది కాబట్టి ఎన్-ఫ్యాక్టర్ 1, తుల్యాంక భారం కూడా 40. దీన్ని 4 గ్రాములు తూచి, నీటిలో కరిగించి, మొత్తం ద్రావణాన్ని 500 మి.లీ.కు చేర్చాం. 4ను 40తో భాగిస్తే 0.1 తుల్యాంకం. 1000ని 500తో భాగిస్తే 2. రెండూ గుణిస్తే 0.2 నార్మల్.

ఇక్కడ ఒక మాట. '500 మి.లీ.కు చేర్చడం' వేరు, '500 మి.లీ. నీళ్లు పోయడం' వేరు. సూత్రంలో ఉన్నది ద్రావణం ఘనపరిమాణం, ద్రావణి ఘనపరిమాణం కాదు. అందుకే ముందు కొద్ది నీటిలో కరిగించి, స్టాండర్డ్ ఫ్లాస్కులోకి మార్చి, బీకరును కడిగిన నీళ్లు కూడా అందులోనే పోసి, ఆఖరున గీత దాకా నింపుతారు. సోడియం హైడ్రాక్సైడ్ కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది. చల్లారిన తర్వాతే గీతకు చేర్చాలి. వేడి ద్రావణం వ్యాకోచించి ఉంటుంది, చల్లబడితే మట్టం గీత కిందికి దిగిపోతుంది.

రెండో ఉదాహరణ ఆక్జాలిక్ ఆమ్లం. 250 మి.లీ. 0.1 నార్మల్ ద్రావణం కావాలి. ఈ ఆమ్లం రెండు ప్రోటాన్లనూ ఇస్తుంది, కాబట్టి ఎన్-ఫ్యాక్టర్ 2. అణుభారం ఎంత? ప్రయోగశాలలో సాధారణంగా దొరికేది రెండు నీటి అణువులతో కలిసిన స్ఫటికం. దాని అణుభారం 126.07. స్ఫటిక జలం లేని రూపానిది 90.03. సీసాలో స్ఫటికాలు ఉన్నాయి కాబట్టి తుల్యాంక భారం 63.03. కావాల్సిన బరువు 0.1 × 63.03 × 0.25, అంటే సుమారు 1.576 గ్రాములు. కరిగిన తర్వాత ఆ స్ఫటిక జలం మిగతా నీటిలో కలిసిపోతుంది, చర్యలో దానికి పాత్ర లేదు. కానీ తక్కెడ మీద మాత్రం అది బరువు తూగింది. ఈ సంగతి మరిచి 45.02తో భాగిస్తే ద్రావణం 0.14 నార్మల్ అని తేలుతుంది. అసలు విలువ కంటే 40 శాతం ఎక్కువ! లెక్క కట్టే ముందు సీసా మీద ముద్రించిన అణుభారాన్ని చూడటం ఒక్క క్షణం పని. ఆ క్షణం మొత్తం ప్రయోగాన్ని కాపాడుతుంది.

మూడో ఉచ్చు అణు ఫార్ములాలో కనిపించే హైడ్రోజన్లు. "ఆమ్లంలో ఎన్ని హైడ్రోజన్లు ఉంటే ఎన్-ఫ్యాక్టర్ అంత" అని బట్టీ పట్టినవాళ్లను ఎసిటిక్ ఆమ్లం వెంటనే తప్పుదారి పట్టిస్తుంది. దానిలో నాలుగు హైడ్రోజన్లు ఉన్నాయి. మూడు కార్బన్‌ను అంటిపెట్టుకుని ఉంటాయి, వాటిని నీటిలో ఏ మామూలు క్షారమూ లాగలేదు. ఆక్సిజన్‌కు అతుక్కున్న ఒక్కటే వస్తుంది. ఫాస్ఫారస్ ఆమ్లంలో మూడు ఉన్నా రెండే వస్తాయి, ఎందుకంటే మూడోది నేరుగా ఫాస్ఫరస్ పరమాణువుకు కట్టుబడి ఉంది. బోరిక్ ఆమ్లం ఇంకా విచిత్రం. మూడు హైడ్రోజన్లు ఉన్నా అది ఏక క్షారత ఆమ్లమే, అంటే ఎన్-ఫ్యాక్టర్ 1. పైగా అది తన ప్రోటాన్‌ను ఇవ్వదు, నీటి నుంచి హైడ్రాక్సైడ్‌ను తీసుకుని ఆమ్లంలా ప్రవర్తిస్తుంది. ఫార్ములా చూసి హైడ్రోజన్లను లెక్కపెట్టే అలవాటు మానుకుని, ఏది దేనికి అతుక్కుని ఉందో చూడటం అలవాటు చేసుకోవాలి.

ఒకే సీసా, మూడు నార్మాలిటీలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఫాస్ఫారిక్ ఆమ్లంలో మూడు హైడ్రోజన్లూ ఆక్సిజన్లకే అతుక్కుని ఉన్నాయి, మూడూ ప్రోటాన్లుగా రాగలవు. కాబట్టి 0.1 మొలార్ ఫాస్ఫారిక్ ఆమ్లం 0.3 నార్మల్ అని చాలా చోట్ల రాసి ఉంటుంది. దాన్ని 10 మి.లీ. పిపెట్‌తో తీసుకుని, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేయండి. 0.3 నార్మల్ నిజమైతే 30 మి.లీ. క్షారం పట్టాలి.

మిథైల్ ఆరెంజ్ సూచిక వేస్తే సుమారు 10 మి.లీ. దగ్గరే రంగు మారుతుంది. ఫినాఫ్తలీన్ వేస్తే సుమారు 20 మి.లీ. దగ్గర గులాబీ రంగు వస్తుంది. 30 మి.లీ. దగ్గర రంగు మార్చే సూచిక మాత్రం దొరకదు.

కారణం ఆ మూడు ప్రోటాన్ల స్వభావంలోనే ఉంది. మొదటిది తేలిగ్గా వస్తుంది, దాని పీకేఏ విలువ (ఇది ఎంత ఎక్కువైతే ప్రోటాన్ అంత కష్టంగా వస్తుంది) 2.15 దరిదాపుల్లో ఉంటుంది. రెండోది 7.2. మూడోది 12 దాటి ఉంటుంది, అంటే దాదాపు నీటి అంత గట్టిగా తన ప్రోటాన్‌ను పట్టుకుని కూర్చుంటుంది. మొదటి ప్రోటాన్ పూర్తిగా పోయే సరికి ద్రావణం పీహెచ్ సుమారు 4.7కు చేరుతుంది, మిథైల్ ఆరెంజ్ రంగు మారేది దాదాపు ఆ ప్రాంతంలోనే. రెండోది పోయేసరికి పీహెచ్ 9.7 దరిదాపుల్లో ఉంటుంది, అక్కడ ఫినాఫ్తలీన్ పనికొస్తుంది. ఇంకాస్త కచ్చితంగా కావాలనుకునేవారు థైమాల్ఫ్తలీన్ వాడతారు. మూడో ప్రోటాన్‌ను నీటి ద్రావణంలో ఇలా నేరుగా కొలవలేం. సీసాలో ఉన్న ద్రావణం మాత్రం ఒక్కటే. మొదటి సూచికతో అది 0.1 నార్మల్, రెండోదానితో 0.2 నార్మల్, కాగితం మీద 0.3 నార్మల్. సీసా మీద '0.3 నార్మల్' అని రాసినవాళ్లు అబద్ధం రాయలేదు, కానీ చదివేవాళ్లకు ఉపయోగపడేదీ రాయలేదు.

సోడియం కార్బొనేట్‌దీ ఇదే కథ, ఈసారి క్షారం వైపు నుంచి. అణుభారం 106. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తూ వెళితే ముందు బైకార్బొనేట్ అవుతుంది, అక్కడ ఫినాఫ్తలీన్ రంగు పోతుంది. ఇంకా పోస్తే కార్బొనిక్ ఆమ్లంగా మారి కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది, అక్కడ మిథైల్ ఆరెంజ్ మారుతుంది. మొదటి మజిలీ వరకే లెక్క వేస్తే తుల్యాంక భారం 106, చివరిదాకా వెళితే 53. కార్బొనేట్, బైకార్బొనేట్ రెండూ కలిసిన నమూనాను ఈ రెండు మజిలీల తేడాతోనే విడదీసి లెక్కగడతారు. అక్కడ ఎన్-ఫ్యాక్టర్ మారడం ఇబ్బంది పెట్టకపోగా మనకే సాయం చేస్తుంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఈ గొడవ తక్కువ. దాని రెండో ప్రోటాన్ కూడా తేలిగ్గానే వస్తుంది కాబట్టి, సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనంలో రెండూ ఒకే మలుపులో పోతాయి. మామూలుగా 98.08ని 2తో భాగించి 49.04 అని రాసేయవచ్చు. చర్య ఒక్క ప్రోటాన్ పోయిన బైసల్ఫేట్ దగ్గరే ఆగేలా ఉంటే మాత్రం మళ్లీ 98.08.

ఆక్సీకరణ క్షయకరణ చర్యల్లో ఈ మార్పు ఇంకా పెద్దది. పొటాషియం పర్మాంగనేట్ అణుభారం 158.03, అందులో మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య +7. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన యానకంలో అది +2కు దిగుతుంది, అంటే అయిదు ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటుంది. తుల్యాంక భారం 31.6. తటస్థ యానకంలోనో, కొద్దిపాటి క్షార యానకంలోనో అయితే +4 దగ్గరే ఆగి గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్‌గా పేరుకుంటుంది. ఎలక్ట్రాన్లు మూడు, తుల్యాంక భారం 52.7. గాఢ క్షారంలో ఒక్క ఎలక్ట్రాన్ తీసుకుని ఆకుపచ్చ మాంగనేట్ అవుతుంది, అప్పుడు తుల్యాంక భారం మళ్లీ 158. దీని పర్యవసానం చూడండి. ఒకరు ఆమ్ల యానకం కోసం 0.1 నార్మల్ పర్మాంగనేట్ తయారుచేసి సీసా మీద ఆ అంకె రాసి పెట్టారు. అంటే అది 0.02 మొలార్. ఇంకొకరు అదే సీసా తీసుకుని తటస్థ యానకంలో వాడారు. అక్కడ దాని నార్మాలిటీ 0.02 × 3, అంటే 0.06. సీసా మీది 0.1ని నమ్మి లెక్క కడితే నమూనాలోని పదార్థం అసలుకంటే 1.67 రెట్లు ఉన్నట్టు తేలుతుంది. అంశమాపనం ఎంత జాగ్రత్తగా చేసినా ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే రీడింగులన్నీ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతూనే ఉంటాయి.

ఆక్జాలిక్ ఆమ్లం ఈ విషయంలో విద్యార్థులను తెలియకుండానే పక్కదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. క్షారంతో అది రెండు ప్రోటాన్లు ఇస్తుంది. పర్మాంగనేట్‌తో రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. రెండు చోట్లా 63.03 వస్తుంది కాబట్టి 'ఈ పదార్థానికి ఈ తుల్యాంక భారం' అన్న నమ్మకం మనసులో నాటుకుంటుంది. కానీ అది కేవలం కాకతాళీయం. దాని దగ్గరి బంధువైన పొటాషియం టెట్రాక్సలేట్‌ను తీసుకుంటే ఆ నమ్మకం చెదిరిపోతుంది. దాని స్ఫటికం అణుభారం 254.19. క్షారంతో మూడు ప్రోటాన్లు ఇస్తుంది కాబట్టి తుల్యాంక భారం 84.73, పర్మాంగనేట్‌తో నాలుగు ఎలక్ట్రాన్లు ఇస్తుంది కాబట్టి 63.55. ఒకే లవణానికి రెండు వేర్వేరు అంకెలు. అంశమాపనం నేర్పేటప్పుడు ఈ లవణాన్ని కూడా ఉదాహరణగా పెడితే ఎంతో గందరగోళం మొదట్లోనే తొలగిపోతుంది.

సోడియం థయోసల్ఫేట్‌ను కూడా చెప్పుకోవాలి. అయొడిన్‌తో చర్యలో రెండు థయోసల్ఫేట్ అయాన్లు కలిసి ఒక టెట్రాథయోనేట్ అవుతాయి, ఒక్కొక్కటి ఒక్క ఎలక్ట్రాన్‌నే ఇస్తుంది. అందువల్ల స్ఫటికం తుల్యాంక భారం, అణుభారం ఒకటే: 248.18. అదే థయోసల్ఫేట్‌ను అధిక క్లోరిన్ సల్ఫేట్ దాకా ఆక్సీకరిస్తే ఒక్కో అయాన్ ఎనిమిది ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఒకటి నుంచి ఎనిమిదికి!

ఇంత శ్రమ ఎందుకంటే

ఎన్-ఫ్యాక్టర్‌ను ఒకసారి సరిగ్గా తేల్చుకుంటే నార్మాలిటీ పెట్టిన శ్రమకు తగిన ఫలం ఇస్తుంది. చర్యలో ఒక పక్క ఇచ్చిన ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు ఎన్నో, రెండో పక్క పుచ్చుకున్నవీ అన్నే. కాబట్టి తుల్య బిందువు (చర్య సరిగ్గా పూర్తయ్యే చోటు) దగ్గర రెండు వైపులా తుల్యాంకాల సంఖ్య సమానం. నార్మాలిటీని మిల్లీలీటర్లతో గుణిస్తే మిల్లీ తుల్యాంకాలు వస్తాయి. అందువల్ల:

మొదటి ద్రావణం నార్మాలిటీ × దాని ఘనపరిమాణం = రెండో ద్రావణం నార్మాలిటీ × దాని ఘనపరిమాణం

ఇందులో సమతుల్య రసాయన సమీకరణం అవసరమే రాలేదు. అది ఎన్-ఫ్యాక్టర్‌లోనే ఇమిడిపోయింది. ఇదే సమీకరణాన్ని మొలారిటీతో రాయాలంటే ప్రతి వైపూ ఎన్-ఫ్యాక్టర్‌తో గుణించాలి. ఆ గుణకారం మరిచి, సల్ఫ్యూరిక్ ఆమ్లానికీ సోడియం హైడ్రాక్సైడ్‌కూ మొలారిటీలను నేరుగా సమానం చేసేస్తే జవాబు సగమో, రెట్టింపో అవుతుంది.

ఒక లెక్క చూద్దాం. 20 మి.లీ. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని తటస్థీకరించడానికి 0.1 నార్మల్ ఆక్జాలిక్ ఆమ్లం 18.4 మి.లీ. పట్టింది. ఆమ్లం వైపు 1.84 మిల్లీ తుల్యాంకాలు, కాబట్టి క్షారం వైపూ అంతే. 1.84ను 20తో భాగిస్తే 0.092 నార్మల్. 40తో గుణిస్తే లీటరుకు 3.68 గ్రాములు. ఇంకొకటి: 20 మి.లీ. మోర్ లవణ (ఇనుము +2 రూపంలో ఉండే లవణం) ద్రావణానికి ఆమ్ల యానకంలో 0.1 నార్మల్ పర్మాంగనేట్ 19 మి.లీ. పట్టింది. ద్రావణం 0.095 నార్మల్. ఇనుము +2 నుంచి +3కు మారుతూ ఒక్క ఎలక్ట్రాన్ ఇస్తుంది కాబట్టి దాని తుల్యాంక భారం 55.85, లీటరులో ఇనుము 5.31 గ్రాములు. అయిదుకు ఒకటి అన్న నిష్పత్తిని ఎక్కడా ప్రత్యేకంగా తలచుకోనక్కర్లేదు.

రెండు ద్రావణాలు కలిపినప్పుడూ మిల్లీ తుల్యాంకాల్లో ఆలోచించడమే సులువు. 100 మి.లీ. 0.2 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 150 మి.లీ. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ పోశాం. ఆమ్లం 20, క్షారం 15 మిల్లీ తుల్యాంకాలు. 5 మిగిలింది, అదీ ఆమ్లం వైపే. మొత్తం 250 మి.లీ. కాబట్టి మిశ్రమం 0.02 నార్మల్ ఆమ్లం. ఒకే ఆమ్లం రెండు గాఢతల్లో ఉండి కలిపితే తీసివేతకు బదులు కూడిక, అంతే తేడా.

గాఢ ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు సీసా మీద నార్మాలిటీ ఉండకపోవచ్చు. బరువు శాతం, సాంద్రత ఉంటాయి. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం, సాంద్రత మిల్లీలీటరుకు 1.84 గ్రాములు అనుకుందాం. లీటరు బరువు 1840 గ్రాములు, అందులో నికరంగా ఆమ్లం 1803 గ్రాములు. 49.04తో భాగిస్తే సుమారు 36.8 నార్మల్. దీని నుంచి లీటరు 0.5 నార్మల్ ద్రావణం చేయాలంటే 500ను 36.8తో భాగించాలి: 13.6 మి.లీ. ఆ ఆమ్లాన్ని నీటిలోకి నెమ్మదిగా, కలుపుతూ పోయాలి. నీటిని ఆమ్లంలోకి ఎప్పుడూ పోయకూడదు. విడుదలయ్యే వేడికి ఆమ్లం చిమ్మి మీద పడుతుంది.

ఇలా తయారైన 0.5 నార్మల్‌ను నేను 'సుమారు 0.5' అనే రాస్తాను. సీసా మీది శాతం ఉజ్జాయింపుగా ఉంటుంది, తెరిచి మూసిన కొద్దీ మారుతుంది కూడా. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. పర్మాంగనేట్ నిలవ ఉంటే కొద్దికొద్దిగా మాంగనీస్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. వీటిని తూచి కట్టిన నార్మాలిటీ ఎప్పుడూ అంచనాయే. అసలు విలువను ప్రాథమిక ప్రమాణ పదార్థంతో (తూకాన్ని బట్టే గాఢతను నమ్మకంగా చెప్పగల శుద్ధ పదార్థంతో) అంశమాపనం చేసి తేల్చాలి. క్షారాలకు పొటాషియం హైడ్రోజన్ థాలేట్ మంచిది: అణుభారం 204.22, ఒక్కటే ప్రోటాన్. తుల్యాంక భారం ఇంత పెద్దది కావడం వల్ల ఎక్కువ బరువు తూచాల్సి వస్తుంది, తూకంలో వచ్చే చిన్న తేడా ఫలితం మీద పెద్దగా కనబడదు. పర్మాంగనేట్‌కు సోడియం ఆక్జలేట్ వాడతారు, తుల్యాంక భారం 67.

ఉష్ణోగ్రత సంగతి క్లుప్తంగా చెబుతాను. నార్మాలిటీ ఘనపరిమాణం మీద ఆధారపడింది కాబట్టి వేడిమితో మారుతుంది. 20 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు వెళితే నీరు సుమారు పావు శాతం వ్యాకోచిస్తుంది, 0.1 నార్మల్ కాస్తా 0.09975 అవుతుంది. మామూలు అంశమాపనాల్లో దీన్ని పట్టించుకోనక్కర్లేదు, నాలుగో దశాంశ స్థానం దాకా కావాలంటే మాత్రం పట్టించుకోవాలి.

దీనికంటే తరచుగా కనబడే పొరపాటు ఇంకొకటి ఉంది. నార్మాలిటీ ఎక్కువైతే ఆమ్లం బలమైనదని అనుకోవడం. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ దాదాపు 1, 0.1 నార్మల్ ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ సుమారు 2.9. అయినా రెంటినీ పది మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని తటస్థీకరిస్తే ఒకే పరిమాణం క్షారం పడుతుంది. బలహీన ఆమ్లం తన ప్రోటాన్లను ముందే విడిచిపెట్టదు, క్షారం వచ్చి అడిగిన కొద్దీ ఇస్తుంది. పీహెచ్ చూపేది ఇప్పటికే విడిపోయిన ప్రోటాన్లను. నార్మాలిటీ చూపేది ఇవ్వగలిగిన మొత్తాన్ని.

మోల్‌దే పైచేయి అయినా

నార్మాలిటీని ఇప్పుడు అంతర్జాతీయ సంస్థలు ప్రోత్సహించడం లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ తన మార్గదర్శకంలో దీన్ని కాలం చెల్లిన పదంగా పేర్కొంది, మోల్‌లలో చెప్పమంది. ఆ నిర్ణయం వెనుక తర్కం బలమైనదే. చర్య పేరు చెప్పకుండా అర్థం కాని అంకెను సీసా మీద రాయడం ప్రమాదకరం. అయినా నార్మాలిటీ మాయం కాలేదు, మాయం కావాలని నేను కోరుకోను కూడా. ఒకే చర్యను రోజూ చేసే చోట, ఎన్-ఫ్యాక్టర్ మారే అవకాశమే లేని చోట, అది లెక్కను ఎంతో తేలిక చేస్తుంది.

నీటి పరీక్షలనే తీసుకోండి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వింక్లర్ పద్ధతిలో కొలిచేటప్పుడు 200 మి.లీ. నమూనాను 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో అంశమాపనం చేస్తారు. ఆక్సిజన్ తుల్యాంక భారం 8. ఒక మిల్లీలీటరు థయోసల్ఫేట్‌లో 0.025 మిల్లీ తుల్యాంకం, అంటే 0.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌కు సమానం. 200 మి.లీ.లో 0.2 అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము. బ్యూరెట్‌లో 6.3 మి.లీ. ఖర్చయితే ఆ నీటిలో ఆక్సిజన్ లీటరుకు 6.3 మిల్లీగ్రాములు, లెక్క కట్టే పనే లేదు. 0.025 అన్న వింత అంకెను ఎంచుకోవడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. నీటి క్షారతను (ఆమ్లాన్ని తటస్థీకరించగల శక్తిని) కాల్షియం కార్బొనేట్ రూపంలో చెప్పే సూత్రంలో కనిపించే 50,000 కూడా ఇలాంటిదే: కాల్షియం కార్బొనేట్ తుల్యాంక భారం 50, గ్రాములను మిల్లీగ్రాములుగా మార్చడానికి 1000, నమూనా మిల్లీలీటర్లను లీటర్లలోకి తేవడానికి ఇంకో 1000, అయితే ఆమ్లాన్ని మిల్లీలీటర్లలోనే కొలుస్తాం కాబట్టి ఒక 1000 కొట్టుకుపోతుంది.

వైద్యంలో తుల్యాంకం మిల్లీ తుల్యాంకాల రూపంలో బతికే ఉంది. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీ తుల్యాంకాలు ఉండటం మామూలు. సోడియం అయాన్‌కు ఒకటే ఆవేశం కాబట్టి మిల్లీమోల్‌లలోనూ అదే అంకె. కాల్షియంకు రెండు ఆవేశాలు, కాబట్టి 2.5 మిల్లీమోల్‌లు అంటే 5 మిల్లీ తుల్యాంకాలు. ఇక్కడ తుల్యాంకాలు వాడటానికి గట్టి కారణం ఉంది. రక్తంలో ధనావేశం మొత్తం ఎంతో రుణావేశం మొత్తం అంతే ఉండాలి. ఆ సమానత్వం మోల్‌లలో కనిపించదు, తుల్యాంకాల్లోనే కనిపిస్తుంది. సోడియం నుంచి క్లోరైడ్‌ను, బైకార్బొనేట్‌ను తీసివేసి మిగిలిన తేడాను బట్టి శరీరంలో ఏదైనా అదనపు ఆమ్లం పేరుకుందా అని వైద్యులు అంచనా వేసేది ఈ సమానత్వాన్ని ఆధారం చేసుకునే.

ఫాస్ఫేట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పద్ధతి మారుతుంది. రక్తం పీహెచ్ 7.4 దగ్గర ఫాస్ఫేట్ రెండు రూపాల్లో కలిసి ఉంటుంది. రెండు ఆవేశాలున్న అయాన్లు సుమారు నాలుగు పాళ్లయితే, ఒక్క ఆవేశం ఉన్నవి ఒక పాలు. సగటు ఆవేశం 1.8. పీహెచ్ కదిలితే ఆ పాళ్లు మారతాయి, ఆవేశమూ మారుతుంది, దానితో తుల్యాంకాల సంఖ్యా మారుతుంది. రక్తనాళంలోకి ఎక్కించే మందు మోతాదు అలా జారిపోయే అంకె మీద ఆధారపడకూడదు కాబట్టి పొటాషియంను మిల్లీ తుల్యాంకాల్లో రాసే వైద్యులు ఫాస్ఫేట్‌ను మిల్లీమోల్‌లలో రాస్తారు.